టిస్సింగ్టన్ ఊరు: ఆరు ఊటలు, పూల బోర్డులు, పాత దుక్కి గట్లు

గోదారిగట్టు

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఆష్‌బోర్న్ పట్టణానికి ఉత్తరాన ఉన్న టిస్సింగ్టన్ గురించి ఈ వేదికలో ముక్కలు ముక్కలుగా చాలా రాశారు గానీ ఒక్కచోట లేదు. 2026లో అసెన్షన్ గురువారం (యేసు స్వర్గారోహణ పండుగ) మే 14న వస్తోంది. అక్కడ ఊటల దగ్గర పూల అలంకారం, అంటే తడి మట్టి పరిచిన పలకమీద పూరేకులు గుచ్చి బొమ్మ చేసి నిలబెట్టే "వెల్ డ్రెస్సింగ్", మొదలయ్యేది ఆ రోజే. నాటింగ్‌హామ్, లెస్టర్‌ల నుంచి కొన్ని కుటుంబాలు కలిసి వెళ్ళే ఆలోచనలో ఉన్నాం. వచ్చాక మన సంఘం హాల్లో ఒక శని, ఆదివారాలకు పిల్లలచేత ఒక చిన్న బోర్డు చేయించాలని కూడా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి: ఊరి చరిత్రలో ఏది నమ్మదగింది, ఏమేం చూడాలి, బోర్డు ఎలా చేస్తారు? "చాలా అందమైన ఊరు" అనే మాట మాత్రం వద్దు, ఆ మాట కరపత్రాల్లో కావలసినంత ఉంది.

పాతపటాలు

ముందు గట్టి ఆధారాలున్నవి. 1086 డూమ్స్‌డే సర్వేలో (రాజు చేయించిన భూముల లెక్క) ఈ ఊరుంది, అప్పుడిది హెన్రీ డి ఫెర్రర్స్ భూముల్లో భాగం. 1465లో నికొలస్ ఫిట్జ్‌హెర్బర్ట్ ఈ ఊరి వారసురాలు సిసిలీ ఫ్రాన్సిస్‌ను పెళ్ళాడటంతో ఊరు ఆ వంశం చేతికొచ్చింది. నేటికీ వాళ్ళ చేతిలోనే ఉంది. 1609లో ఫ్రాన్సిస్ ఫిట్జ్‌హెర్బర్ట్ చుట్టూ కందకం ఉన్న పాత ఇల్లు వదిలేసి ఇప్పుడున్న హాల్ (ఆ వంశపు పెద్ద బంగళా) కట్టించాడు. 1643లో అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు దీన్ని రాజు పక్షాన సైనిక స్థావరం చేశారు. 1784లో కుటుంబానికి వంశపారంపర్యపు బారొనెట్ బిరుదు వచ్చింది.

ఊరు ఇలా ఎందుకు మిగిలిందో అర్థం కావాలంటే ఈ ఒకే యజమాని సంగతి గుర్తుంచుకోవాలి. ఇళ్ళూ, పొలాలూ, చెరువూ, రోడ్డు పక్క పచ్చికా ఒకే ఎస్టేటువి. అందుకే ఇళ్ళన్నీ ఒకే బూడిదరంగు సున్నపురాయి, ఒకే తరహా కిటికీలు. చూసినవాళ్ళు అన్నీ మధ్యయుగపు ఇళ్ళే అనుకుంటారు. చాలామటుకు 19వ శతాబ్దంలో ఎస్టేటు తిరిగి కట్టించినవే. ఊళ్ళో నిజంగా పాతవి చర్చి, ఊటలు, పొలాల్లో కనిపించే గట్లు.

సైకిల్‌శీను

చర్చిలో చూడాల్సింది ఏమిటి? హాల్ ఎదురుగా గుట్టమీద ఉన్నదేగా?

పాతపటాలు

అదే, సెయింట్ మేరీ చర్చి. నార్మన్ కాలపు కట్టడం, 1854లో బాగా మార్చి కట్టారు. కాబట్టి లోపల కనిపించే ప్రతి రాయీ పాతదని అనుకోకండి. దక్షిణపు గుమ్మం పైన అర్ధచంద్రాకారపు రాతిపలక ఉంటుంది, గళ్ళ నమూనా చెక్కి రెండు పక్కలా నడుముమీద చేతులు పెట్టుకున్న చిన్న బొమ్మలు. అది నార్మన్‌దే. లోపల జంతువుల బొమ్మలు గీసిన జ్ఞానస్నానపు తొట్టి ఉంది, అదీ ఆ కాలానిదే. గోడకు ఆనుకుని ఫిట్జ్‌హెర్బర్ట్‌ల 17వ శతాబ్దపు సమాధి శిల్పాలు. ఈ మూడూ చూస్తే చాలు. తొట్టిమీది జంతువులు తిన్నగా వెలుతురు పడితే సరిగా కనబడవు. ఫోన్ లైటు పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించి పట్టండి, గీత లేచి కనిపిస్తుంది.

లీల_లెస్టర్

పూల అలంకారం 1349 ప్లేగునుంచి మొదలైందని ప్రతి బోర్డు పక్కనా రాసి ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ పోయినా టిస్సింగ్టన్ నీళ్ళు శుభ్రంగా ఉండబట్టి ఎవరూ చనిపోలేదని. నిజమేనా?

పాతపటాలు

లీల గారూ, కథ అదే, ఆధారం లేదు. పైగా లెక్క కుదరదు. ప్లేగు నీళ్ళద్వారా వచ్చే జబ్బు కాదు, ఎలుకల మీద ఉండే రెక్కల్లేని చిన్న పురుగులు (ఫ్లీలు) కుట్టడం ద్వారా, మనిషి నుంచి మనిషికీ అంటుకునేది. నీళ్ళు ఎంత శుభ్రమైనా ఆపలేదు. నీళ్ళకూ రోగానికీ ముడిపెట్టడం కలరా చూసిన 19వ శతాబ్దపు బుర్రకు సహజం. అప్పటివాళ్ళు ఆ ఆలోచనను 14వ శతాబ్దం మీద రుద్దారని నా అనుమానం.

రెండో కథ 1615 కరువు. ఇది కొంచెం మెరుగు. అదే జిల్లాలోని యూల్‌గ్రేవ్ చర్చి రిజిస్టరులో ఆ ఏడాది మార్చి 25 నుంచి మే 2 వరకు చినుకు పడలేదని, ఆ తర్వాత ఆగస్టు 4 దాకా జల్లులు రెండో మూడో పడ్డాయని రాసి ఉంది. అంటే కరువు నిజం. టిస్సింగ్టన్ ఊటలు ఎండలేదని, చుట్టుపక్కలవాళ్ళు పశువులను అక్కడికే తోలుకొచ్చారని చెబుతారు. నేల స్వభావం చూస్తే నమ్మొచ్చు. కానీ "అందుకే పూలు పెట్టడం మొదలుపెట్టారు" అన్న ముక్క ఎవరూ అప్పట్లో రాయలేదు.

రాతపూర్వకంగా దొరికే మొదటి ప్రస్తావన 1758ది. అందులో కనిపించేది దండలు మాత్రమే, ఊటలమీద పూలదండలు వేలాడదీయడం. తడి మట్టి పరిచిన పలకలో పూలు గుచ్చి బొమ్మలు చేసే పద్ధతి 1818లో అచ్చయిన ఒక యాత్రా వర్ణనలో కనబడుతుంది. కాబట్టి ఈ రోజు చూసే పని సుమారు రెండు వందల ఏళ్ళది. అదేం తక్కువ కాదు, 1349 దాకా లాగక్కర్లేదు.

లీల_లెస్టర్

క్రైస్తవానికి ముందటి జలదేవత పూజ అంటారే, అది?

పాతపటాలు

అదీ ఉండొచ్చు, కాకపోవచ్చు. బ్రిటన్‌లో ఊటలను పూజించడం చాలా పాతదే. కానీ ఈ ఊళ్ళో ఆ పూజ తెగిపోకుండా 1758 దాకా వచ్చిందని చూపే కాగితం ఏదీ లేదు. పక్క ఊళ్ళ సంగతి చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది. వర్క్స్‌వర్త్‌లో 1827లో, యూల్‌గ్రేవ్‌లో 1829లో, బక్స్‌టన్‌లో 1840లో పైపుల ద్వారా ఊళ్ళోకి నీళ్ళొచ్చిన సంతోషంలో కుళాయిలకు పూలు కట్టారు. దేవతలూ లేరు, ప్లేగూ లేదు, నల్లా వచ్చిందంతే. టిస్సింగ్టన్‌ను చూసి తక్కినవాళ్ళు నేర్చుకున్నారు.

రాతిపొర

ఊటలు ఎందుకు ఎండవో చెబుతాను. డెర్బీషైర్ ఈ వైపు పీఠభూమి కార్బొనిఫెరస్ అనే ప్రాచీన భూయుగపు సున్నపురాయి. వాన పడితే నీళ్ళు పైన నిలవవు, పగుళ్ళలోంచి లోపలికి దిగిపోతాయి. అందుకే పీఠభూమి నడుమ ఊళ్ళకు నీటి ఎద్దడి. టిస్సింగ్టన్ సున్నపురాయి అంచున ఉంది. దాని పక్కనే షేలు (బురద గట్టిపడి ఏర్పడిన పొరలరాయి), మధ్యలో పాత అగ్నిపర్వత బూడిద పొరలు. ఆ బూడిద పొరకు భూగర్భశాస్త్రంలో ఈ ఊరి పేరే పెట్టారు. ఈ పొరల్లోంచి నీళ్ళు సులువుగా దిగవు. సున్నపురాయిలో దిగిన నీళ్ళు వీటికి తగిలి పక్కకు మళ్ళి, ఊరి వాలులో బయటికొస్తాయి. వెనకాల ఉన్న రాతిలో నిల్వ పెద్దది, నీళ్ళు నెమ్మదిగా వస్తాయి. కొన్ని నెలలు వాన లేకపోయినా ధార సన్నబడుతుందే తప్ప ఆగదు.

"వెల్" అన్నారని గిలకా, చేదా వెతక్కండి. ఇవి తవ్విన బావులు కావు. ఊటనీళ్ళు రాతి తొట్టిలోకి పడే చోట్లు.

గోదారిగట్టు

పేర్లు ఎవరైనా వరసగా ఇవ్వగలరా? పిల్లలకు చీటీలు రాసివ్వాలి, ఒక్కొక్కటీ కనిపెట్టమని.

మట్టిచేతులు

హాల్ వెల్ (హాల్‌కు ఎదురుగా, వెనక రాతి కమాను, అన్నిటికన్నా ఆర్భాటం దీనికే), హ్యాండ్స్ వెల్ (పక్కన కాపురమున్న కుటుంబం పేరు), కాఫిన్ వెల్ (తొట్టి శవపేటిక ఆకారం, అందుకే ఆ పేరు), టౌన్ వెల్, యూ ట్రీ వెల్, చిల్డ్రన్స్ వెల్. ఆఖరిది ఊరి పిల్లలు చేసేది. మీ పిల్లలకు మిగతా అయిదింటికన్నా అదే ఎక్కువ పనికొస్తుంది, దగ్గరగా నిలబడితే పని ఎలా చేశారో కంటికి తెలుస్తుంది. నడిస్తే ఊరంతా అరగంట. ఆ రోజు జనంలో రెండు గంటలు పడుతుంది.

ఉదయం చర్చిలో ప్రార్థన ఉంటుంది. తర్వాత పాస్టరు, పాటల బృందం ఊరేగింపుగా ఒక్కో ఊట దగ్గరికీ వచ్చి దీవిస్తారు. బోర్డులు సుమారు వారంపాటు ఉంటాయి. రంగులు పచ్చిగా కావాలంటే గురువారమో శుక్రవారమో వెళ్ళండి. సోమవారానికి అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

ఇక బోర్డు తయారీ. ఇది పొడుగ్గా రాయక తప్పదు.

పలక: అడుగున మందపాటి చెక్క, చుట్టూ 3 సెంటీమీటర్ల ఎత్తు అంచు, లోతు తక్కువ పళ్ళెంలాగా. లోపల మొత్తం పది సెంటీమీటర్లకొకటి చొప్పున మేకులు సగం వరకే దించాలి, 12 మిల్లీమీటర్లు పైకి నిలబడేటట్టు. మట్టిని పట్టుకునేవి ఆ మేకులే. పలక నిలబెట్టాక మట్టి మొత్తం ఒకే ముద్దగా జారి కింద పడిందంటే మేకులు చాలలేదన్న మాట. తుప్పు పట్టని, జింకు పూత వేసిన మేకులే వాడండి, మట్టిలో ఉప్పు ఉంటుంది కనుక.

నానబెట్టడం: అక్కడ పెద్ద పలకలను ఊరి చెరువులో రోజుల తరబడి నానేస్తారు. ఎండు చెక్క మట్టిలోంచి తడి పీల్చుకుంటుంది, వెనకవైపునుంచి మట్టి ఎండి బీటలు తీస్తుంది. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, మూడో రోజు బోర్డు పాడవడానికి మొదటి కారణమూ ఇదే. మీ చిన్న పలక స్నానాల తొట్టిలో రెండు రాత్రులు ముంచి ఉంచితే చాలు, పైకి తేలకుండా బరువు పెట్టండి.

మట్టి: రాళ్ళు, వేళ్ళు ఏరేసిన బంకమట్టి. నీళ్ళు, కొన్ని గుప్పెళ్ళ ఉప్పు కలిపి కాళ్ళతో తొక్కాలి. ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది. తొక్కడం ఆపేది ఎప్పుడంటే, బొటనవేలు నొక్కితే గుంట నిలవాలి, వేలికి మట్టి అంటుకోకూడదు. మరీ పలచనైతే నిలబెట్టాక కిందికి జారి పొట్ట ఉబ్బుతుంది. మరీ గట్టిదైతే రేకు గుచ్చుకోదు.

గోదారిగట్టు

ఎంత మట్టి కావాలి? 60 బై 90 సెంటీమీటర్ల పలక అనుకుంటున్నాం.

మట్టిచేతులు

మందం 2.5 సెంటీమీటర్లు వేసుకోండి. 60 × 90 × 2.5 అంటే 13,500 ఘన సెంటీమీటర్లు, పదమూడున్నర లీటర్లు. తడి మట్టి లీటరుకు సుమారు 1.9 కిలోలు తూగుతుంది. అంటే 25, 26 కిలోలు. వృథాకు కలుపుకుని 30 కిలోలు తెండి. చెక్కతో కలిసి ఇద్దరు పెద్దవాళ్ళు మోయాల్సిన బరువు. పిల్లలు ఎత్తకూడదు.

టిస్సింగ్టన్‌లో పెద్ద పలకలు ఎందుకంత జాగ్రత్తగా మోస్తారో ఇదే లెక్కతో తెలుస్తుంది: 2.4 బై 1.2 మీటర్ల పలకకు మట్టే 130 కిలోలు దాటుతుంది.

కుండలవాళ్ళ దుకాణంలో సంచుల్లో అమ్మే మట్టి సరిపోతుంది. గాలికి ఆరి గట్టిపడే రకం మాత్రం కొనకండి. మీకు కావలసిందానికి అది సరిగ్గా వ్యతిరేకం.

లీల_లెస్టర్

ఉప్పు గురించి ఒక మాట. కొన్ని ఊళ్ళలో అసలు వెయ్యరు, ఉప్పువల్ల పూల రేకులు తొందరగా మాడతాయంటారు.

మట్టిచేతులు

ఆ వాదన ఉంది, కొంత నిజం కూడా. ఉప్పు ఎక్కువైతే పలచటి రేకుల మొదలు నల్లబడుతుంది. వారం నిలవాల్సిన బోర్డుకు ఉప్పు లాభం, రెండు రోజుల బోర్డుకు అనవసరం. మీ హాల్లో పెట్టేది శని, ఆదివారాలే కదా, మానేసి రోజుకు రెండుసార్లు నీళ్ళు తుంపర కొట్టండి.

గీత దించడం: బొమ్మను అసలు సైజులో కాగితం మీద గీసి మట్టిమీద పరుస్తారు. గీతలవెంట సూదితో, లేదా దర్జీలు వాడే పళ్ళ చక్రంతో అర సెంటీమీటరుకొక చుక్క పొడుస్తారు. కాగితం తీసేస్తే చుక్కల ముగ్గు మట్టిమీద ఉంటుంది. కాగితం ఎక్కువసేపు ఉంచితే తడిసి మట్టికి అంటుకుని చినుగుతుంది. అందుకని పెద్ద బొమ్మను నాలుగు ముక్కలుగా దించాలి.

హద్దు గీతలు: చుక్కలవెంట ఆల్డర్ చెట్టు చిన్న నల్లకాయలు వరసగా గుచ్చుతారు. దొరక్కపోతే కాఫీ గింజలు, మిరియాలు, నల్ల ఉన్ని. బీన్స్, బఠానీ లాంటి పచ్చిగింజలు వద్దు. తడిమట్టిలో నాని ఉబ్బుతాయి, రెండు మూడు రోజులకు మొలకెత్తి దేవుడి ముఖంమీద గడ్డం మొలుస్తుంది. వేయించిన కాఫీ గింజకు ఆ బాధ లేదు.

నింపడం: ఎక్కువ రోజులు నిలిచేవి ముందు, వాడిపోయేవి చివర. నాచు, రాతిపూత, ఎండిన రూబార్బ్ గింజలు, గుడ్డు పెంకు పొడి, చిన్న ఆకులు మొదటి రోజు. పూరేకులు ఆఖరి రోజు. రేకులు ఎప్పుడూ బొమ్మ కిందినుంచి పైకి పేర్చాలి, ప్రతి వరసా కింది వరస తలను కప్పేటట్టు, పెంకుటింటి కప్పులాగే. వాన పడితే నీళ్ళు రేకు మీదుగా జారిపోతాయి. పైనుంచి కిందికి పేరిస్తే వాననీళ్ళు రేకు వెనక్కి దూరి మట్టిని కరిగిస్తాయి, ఒక్క జల్లుకే ఆకాశం మొత్తం ఊడి కిందికొస్తుంది. రేకు మొదలు మాత్రం మట్టిలోకి నొక్కాలి, కొస వదిలెయ్యాలి.

సైకిల్‌శీను

ఏ పూలు?

మట్టిచేతులు

నీలం కష్టం. ఆకాశానికి, నీళ్ళకు అందరూ హైడ్రాంజియా వాడతారు, విడి పువ్వు చదునుగా ఉంటుంది, చాలా రోజులు నిలుస్తుంది. మే నెలలో తోటల్లో అది పుయ్యదు, కుండీల్లో కొనాలి. ఎరుపుకు జెరేనియం మంచిది. తులిప్ రేకు పెద్దది, పని తొందరగా అవుతుంది గానీ అంచు నల్లబడుతుంది. పసుపుకు చామంతి, బంతి. గసగసాల పువ్వు అస్సలు వద్దు, గంటలో ముడుచుకుంటుంది. పూలను కోసిన వెంటనే రేకులు ఒలవకండి. కాడలతో చల్లని చోట బకెట్లో ఉంచి, పేర్చే ముందే ఒలవాలి.

ప్లాస్టిక్, రంగు పొడి, మెరుపు కాగితం లాంటివి కొన్ని ఊళ్ళలో అసలు ఒప్పుకోరు. రంగురాళ్ళు, గవ్వలు వాడొచ్చా అన్నదానిమీదా ఊరికొక నియమం ఉంది, ఆ గొడవ ఇక్కడ వద్దు.

పాతపటాలు

అడవిలో బ్లూబెల్స్ చూసి సంచి తీసేవాళ్ళకు: 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా వేళ్ళతో పెకలించడం నేరం. పూలు మాత్రమే కోయడం వేరే సంగతే గానీ పిల్లలతో వెళ్ళినప్పుడు ఆ తేడా వివరిస్తూ కూర్చోవడం కన్నా దుకాణంలో కొనడం నయం. నాచు కూడా అడిగే తీసుకోండి.

గోదారిగట్టు

మా వాళ్ళలో ఒకరు "ఇది మన బతుకమ్మే కదా" అంటున్నారు. పిల్లలకు అలా చెప్పవచ్చా?

లీల_లెస్టర్

పూలు, నీళ్ళు, ఊరంతా కలవడం చూసి పోలిక తట్టడం సహజం. చరిత్రలో సంబంధమైతే లేదు. పని తీరూ వేరు. బతుకమ్మలో తంగేడు, గునుగు మొత్తం పూలతో శిఖరంలా పేర్చి, ఆడి పాడి, చివరికి నీళ్ళలో వదులుతాం. అక్కడ రేకు రేకు ఒలిచి చదునైన బొమ్మ చేస్తారు, ఎక్కువగా బైబిలు ఘట్టమే, చుట్టూ కొమ్మలు కట్టి నిలబెడతారు. నీళ్ళలో వదలరు. వారం తర్వాత పలక కడిగి, మట్టి దాచుకుంటారు. పిల్లలకు రెండూ పక్కపక్కన చూపించండి, తేడాలు వాళ్ళే చెబుతారు.

మట్టిచేతులు

నిలబెట్టడం మర్చిపోయాను. పూర్తయిన పలకను పడుకోబెట్టే మొయ్యాలి. పెట్టాల్సిన చోటికి వచ్చాకే కింది అంచు నేలకు ఆనించి నెమ్మదిగా లేపాలి. పూర్తి నిలువుగా కాదు, కొద్దిగా వెనక్కి వాలాలి. అక్కడ పెద్ద ఫ్రేములను బుధవారం నాడు తీసుకెళ్ళి నిలబెడతారు. ఒకటికి నాలుగైదు పలకలుంటాయి కాబట్టి, పలకల మధ్య అతుకు కనబడకుండా అక్కడే నిలబడి మట్టి పూసి రేకులు గుచ్చుతారు. పనిలో చివరి గంటలు దానికే పోతాయి.

చెడిపోయేది ఎక్కువగా ఎండకూ గాలికీ, వానకు అంత కాదు. బంకమట్టి ఆరితే నూటికి అయిదారు వంతులు కుంచించుకుపోతుంది, బీట సరిగ్గా హద్దు గీత వెంటే వస్తుంది, ఎందుకంటే అక్కడే వరసగా పొడిచి మట్టిని బలహీనం చేశాం. సన్నబీట కనబడగానే తడిగుడ్డ అద్ది, పలచటి మట్టి వేలితో నింపి పైన రేకు వెయ్యండి. పక్షులు గింజల కోసం వస్తాయి, రాత్రిపూట వల కప్పాలి. మీది హాల్లో కనుక పక్షుల బాధ లేదు. హీటరు మాత్రం ఆపేయించండి.

నాగలికర్రు

అందరూ ఊట చూసి, ఐస్‌క్రీమ్ తిని వెళ్ళిపోతారు. ఊరి చుట్టూ పచ్చికబయళ్ళలో అలలు అలలుగా కనిపించే గట్లు చూడకుండా రాకండి. మధ్యయుగపు దుక్కి అది. ఎనిమిది ఎడ్లు కట్టిన బరువు నాగలి మట్టిని ఎప్పుడూ కుడివైపుకే తిప్పేది. ఒకే పట్టీని ఏటా చుట్టూ తిరుగుతూ దున్నితే మట్టి నడుముకు చేరి గట్టు లేస్తుంది, రెండు పట్టీల మధ్య కాలవ పడుతుంది. నీరు పోవడానికీ అదే దారి. పట్టీ పొడవు మామూలుగా ఒక ఫర్లాంగు, 220 గజాలు. 22 గజాల వెడల్పు చొప్పున దున్నితే ఒక ఎకరం. ఎకరం కొలత పుట్టిందే ఆ దుక్కిలోంచి.

గట్లు తిన్నగా ఉండవు, తిరగేసిన ఎస్ అక్షరంలా వంగుతాయి. ఎనిమిది ఎడ్లు ఒక్కసారి తిరగలేవు, చివర రాకముందే ఎడమకు జరపడం మొదలుపెట్టాలి. ఆ వంపు శతాబ్దాలుగా నేలలో నిలిచింది. గట్టు తిన్నగా, సన్నగా కనబడిందంటే అది తర్వాతి కాలపు దుక్కి.

మిగలడానికి కారణం: దున్నడం ఆపి గొర్రెలకు వదిలేశారు. ట్రాక్టరు దిగి ఉంటే పదేళ్ళలో చదునయ్యేవి. మధ్యాహ్నం పన్నెండింటికి చూస్తే ఏమీ కనబడదు. సాయంత్రం ఎండ వాలినప్పుడు, లేదా చలికాలంలో పలచటి మంచు కాలవల్లో నిలిచినప్పుడు స్పష్టంగా తెలుస్తాయి. మేలో అయితే సాయంత్రం ఏడు దాటాక.

గోదారిగట్టు

ఏడు దాటాక అంటే పిల్లలతో కష్టమే, చూద్దాం. దారి, పార్కింగు?

సైకిల్‌శీను

ఆష్‌బోర్న్‌కు రైలు లేదు. ఆష్‌బోర్న్ నుంచి బక్స్‌టన్‌కు లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే 1899లో వేసిన లైను ఈ ఊరి మీదుగానే పోయేది. 1954లో మామూలు ప్రయాణికుల రైళ్ళు ఆపేశారు, 1967లో లైనే మూసేశారు. పట్టాలు పీకేసిన ఆ కట్టమీదే 1971లో టిస్సింగ్టన్ ట్రెయిల్ (నడవడానికీ, సైకిళ్ళకూ దారి) తెరిచారు. ఆష్‌బోర్న్ నుంచి పార్స్‌లీ హే వరకు 13 మైళ్ళు. అక్కడ హై పీక్ ట్రెయిల్‌లో కలుస్తుంది.

మీకు నా సలహా: కార్లు ఆష్‌బోర్న్‌లో పెట్టి ట్రెయిల్ మీద రండి. ఊరు సుమారు 4 మైళ్ళు. రైలు దారి కాబట్టి ఏటవాలు తక్కువ, పిల్లల సైకిళ్ళకూ, తోపుడు బండ్లకూ సరిపోతుంది. ఉత్తరానికి వచ్చేకొద్దీ మెల్లగా ఎక్కుడు, తిరుగు ప్రయాణం హాయి. ఆష్‌బోర్న్ దగ్గర పాత సొరంగం ఒకటి దాటాలి. లోపల చల్లగా ఉంటుంది, స్వెటరు పైనే ఉంచండి. ట్రెయిల్ దిగితే పాత స్టేషన్ స్థలమే కార్ పార్కు, దానికి రెండడుగుల్లో ఊరి చెరువు.

అలంకారాల వారంలో ఊళ్ళోకి కారుతోనే రావాలనుకుంటే పొలాల్లో తాత్కాలిక పార్కింగు పెడతారు, చిల్లర దగ్గర ఉంచుకోండి. ఏ515 రోడ్డునుంచి గేటు దాటి చెట్ల వరసల మధ్యగా వచ్చే దారి సన్నది. పదకొండు దాటితే అక్కడే ఆగిపోతారు.

రాతిపొర

ట్రెయిల్ మీద వస్తే ఊరి దగ్గర రైలుకోసం కొండ తొలిచిన కోతలు గమనించండి. నేను పైన చెప్పిన సున్నపురాయి, షేలు, అగ్నిపర్వత బూడిద పొరలు అక్కడ బయటికి కనబడతాయి. రక్షిత స్థలం, సుత్తి పెట్టకండి.

లీల_లెస్టర్

హాల్ లోపలికి వెళ్ళనిస్తారా?

పాతపటాలు

కుటుంబం కాపురముంటోంది కనుక ఏడాదిలో కొన్ని రోజులే, గైడుతో. ఆ రోజులు ఏటా మారతాయి, బయల్దేరే ముందు ఎస్టేటు ప్రకటన చూసుకోండి. తెరవకపోయినా ముందు గోడ, గేటు రోడ్డుమీదనుంచే కనిపిస్తాయి. హాల్ వెల్ దాని ఎదురుగానే కదా, ఎటూ అక్కడ ఆగుతారు.

గోదారిగట్టు

సరే. మే 14 గురువారం స్కూలు రోజు, కాబట్టి పిల్లలున్నవాళ్ళం 16 శనివారం వెళ్తాం. మట్టిచేతులు గారూ, అప్పటికి రంగులు బాగానే ఉంటాయిగా? బోర్డు మరుసటి వారం, 23న. పలక 21 రాత్రే తొట్టిలో వేస్తాం.

మట్టిచేతులు

శనివారానికి బాగానే ఉంటాయి, ఎండ మరీ కాయకపోతే. బొమ్మ తేలికగా ఎంచుకోండి: ముఖాలు వద్దు, చేప, చెట్టు, పడవ లాంటివి. 60 బై 90 పలకకు హైడ్రాంజియా కుండీలు మూడు, నాలుగు కావాలి. అవి 22నే కొనండి, ముందే కొంటే ఇంట్లో నీళ్ళు మరిచి వాడిపోతాయి.